మందిచ్చే చేతికి మనిషిని చూసే టైమేది?

మా అవ్వ పేరు లచ్చమ్మ. పోయిన వానకాలం కాలికి షుగరు పుండై ముదిరితే జిల్లా దవాఖానల చేర్పిచ్చినం. ఆడోళ్ల వార్డుల మా మంచానికి మూడు మంచాల అవుతల ఇంకో లచ్చమ్మ ఉండె. ఆమెకూ షుగరే, ఆమెకూ అరవై దాటినయి. మన ఊర్లల్ల లచ్చమ్మలకు, ఎల్లమ్మలకు, మల్లయ్యలకు కరువా?

రాత్రి ఎనిమిదింటికి సిస్టర్ సూది పట్టుకొని వచ్చింది. "అవ్వా, నీ పేరేంది?" అన్నది. లచ్చమ్మ అని చెప్పింది మా అవ్వ. "ఇంటిపేరు? ఏ ఊరు? మీ ఆయన పేరేంది?" మొగని పేరు మా అవ్వ నోటితోని పలుకది. సిగ్గుపడి నా దిక్కు చూసింది. పొద్దుగాల చేర్చుకునేటప్పుడు ఇదే అడిగిండ్రు, పగటీలి ఇంకో సిస్టర్ ఇదే అడిగింది. నాకు మండింది. "ఎన్నిసార్లు అడుగుతరమ్మా? కాయిదం మీద రాసే ఉన్నది గద!" అని జర గట్టిగనే అన్న. ఆమె తిరిగి ఏమనలే. కేసు షీటు చూసింది, మందు సీసా చూసింది, మా అవ్వ మొఖం చూసింది, సూది ఇచ్చి రాసుకొని పోయింది.

నడిరాత్రి రెండు దాటినంక మల్ల వచ్చింది. నేను మంచం కింద చాప మీద పండుకొని ఉన్న. అవ్వకు చెమటలు పడుతున్నయని ఎరుకే, కని ఉక్కపోతకు అనుకున్న. సిస్టర్ సెల్‌ఫోన్ లైటు కొట్టి, నుదురు మీద చెయ్యి పెట్టింది. "ఒళ్లు సల్లగుంది. ఉక్కకు పట్టే చెమట గాదిది" అని మంచం మీదికి వంగి "అవ్వా, నీ పేరేంది?" అన్నది. అదే ప్రశ్న. ఈసారి మా అవ్వ పేరు చెప్పలే. బర్రెను కట్టేసిండ్రా అని ఏదో అన్నది. సిస్టర్ వేలు పొడిచి చూస్తే షుగరు 48. డ్యూటీ డాక్టరును పిలిచింది, నరంల గ్లూకోజు ఎక్కిచ్చిండ్రు. పావుగంటకు మా అవ్వ కండ్లు తెరిచి, ఆకలైతుంది బిడ్డా అన్నది.

పొద్దుమూకంగ నన్ను కసిరిచ్చుకున్న ఆ పిల్లనే తెల్లారినంక నన్ను పక్కకు పిలిచింది. "అన్నా, ఇంటికాడ ఇన్సులిన్ ఎంత ఇస్తున్నరు?" 30 పాయింట్లని చెప్పిన. దవాఖానల డాక్టరు గూడ అదే 30 రాసిండు. "ఏ సూదితోని?" సూది ఏదైతే ఏంది అనుకున్న. "రేపు వచ్చేటప్పుడు పట్టుకరా" అన్నది. తెచ్చి చూపిచ్చిన. మూతి రంగు చూసి నెత్తి పట్టుకున్నది.

ఈ లెక్క జర నిమ్మలంగ చదువుండ్రి, మీ ఇంట్ల సుత షుగరోళ్లు ఉంటరు. మన దేశంల సీసాల దొరికే ఇన్సులిన్ ఎక్కువ భాగం ఒక ఎంఎల్‌ల 40 యూనిట్లది. దానికి ఎర్ర మూతి సూది. ఒక ఎంఎల్‌ల 100 యూనిట్లు ఉండే ఇన్సులిన్ వేరే ఉంటది, దానికి నారింజ రంగు మూతి సూది. సూది మీది గీతలు ఆ మందుకు తగ్గట్టు గీసినయి. నేను మందుల దుకాణంల ఇచ్చింది తెచ్చిన. అది నారింజ మూతిది. నలభై మందును వంద సూదిల ఎక్కిస్తే, 20 గీత దాంక గుంజినా లోపలికి పోయేది 8 యూనిట్లే. మొదట్ల మా అవ్వకు 20 రాసిండ్రు, పోయింది 8. షుగరు దిగకపోతే డాక్టరు 30 చేసిండు, పోయింది 12. దిగకనే పుండు ముదిరింది. దవాఖానల సరైన సూదితోని అసలు 30 పోయింది, అంటే అలవాటైన దానికి రెండున్నర రెట్లు. పైన ఆ రాత్రి ఆమె సరిగ బువ్వ తినలే. దీనికి తిరకాసుది ఇంకా పెద్ద ఆపద: వంద మందును నలభై సూదితోని ఇస్తే రాసిన దానికి రెండున్నర రెట్లు పోతది.

తప్పు నాదే. మా అవ్వను నేనే ఏడాది పొడుగుత సగం మందు లేకుంట సూది పొడిచిన. దాన్ని పట్టుకున్నది స్కానింగ్ గాదు, ఏ పెద్ద మిషనూ గాదు. ఒక ఆడిపిల్ల అరచెయ్యి, ఒక ప్రశ్న.

గందుకే ఈ వారం రాజకీయాలు పక్కకు పెట్టి నర్సుల పని గురించి రాస్తున్న. పక్కకు పెట్టి అన్న గని, ఇది సుత రాజకీయమే, ఎట్లనో చెప్త.

నేను పదోతరగతి తప్పినోన్ని. మా అక్క బిడ్డ జీఎన్ఎం చదువుతుంది. మూడేండ్ల కోర్సు. అవ్వ ఇంటికొచ్చినంక ఆమె మొదటేడు పుస్తకం అడిగి తెచ్చుకొని, తెల్వని మాటలు ఆమెనే అడుగుకుంట చదివిన. సూది ఎట్ల పొడవాలె అని ఉంటదనుకున్న. సూది శాన తర్వాత వస్తది. దాని కన్నా ముందు పేజీలకు పేజీలు మనిషిని చూసుడు గురించే ఉన్నది.

చూసుట్ల నాలుగు తీర్లు. కంటితోని చూసుడు, చేతితోని పట్టి చూసుడు, వేళ్లతోని తట్టి చూసుడు, ఆలకొట్టు పెట్టి ఇనుడు. అన్ని చోట్ల ఇదే వరుస. ఒక్క కడుపు దగ్గర మాత్రం వరుస మారుతది. కడుపును చూసినంక ముట్టద్దు, ముందు ఇనాలె. ఎందుకంటే పిసికితే పేగుల సప్పుడు మారిపోతది, ఉన్న సంగతి తెల్వకుంట అయితది. ఇది చదివి నాకు నవ్వొచ్చింది. మా సంఘంల ఎవలన్న బాధ చెప్పుకోవడానికి వస్తే, మేము ఇనకముందే పిసుకుతం.

ఇంకోటి ఊపిరి లెక్క. పెద్దమనిషి నిమిషానికి 12 నుంచి 20 సార్లు ఊపిరి తీసుకుంటడు. లెక్కవెట్టేటప్పుడు ఆ సంగతి రోగికి చెప్పద్దట. చెప్తే మనిషి ఊపిరి మార్చుకుంటడు. నాడి పట్టుకున్నట్టే మణికట్టు మీద చెయ్యి ఉంచి, కన్ను ఎద మీద పెట్టి, నిండా ఒక నిమిషం లెక్కవెట్టాలె. మనిషి దిగజారుతుండంటే బీపీ పడకముందే ఊపిరి లెక్క పెరుగుడు షురువైతది. మిషను అక్కరలేని లెక్క, పైస ఖర్చు లేని లెక్క. కని దవాఖానలల్ల అన్నిటికన్నా ఎక్కువ ఎగ్గొట్టేది సుత దీన్నే. మా అవ్వ ఉన్న వార్డుల మంచాలకు కట్టిన కాయిదాలు చూసుకుంట పోయిన. ఊపిరి గడిల అందరికీ 18 అని ఉన్నది. ఆయాసంతోని కూసొని ఎగబీలుస్తున్న ముసలామెకు సుత 18. అది రాసిన పిల్ల దొంగ గాదు. అదెందుకైతదో ముంగట చెప్త.

బీపీ అయితే మనకు ఆటబొమ్మ అయిపోయింది. బస్సు దిగి ఉరుకొచ్చిన మనిషికి, అంగీ చేతి మీదనే పట్టా చుట్టి, ముచ్చట్లు పెట్టుకుంట కొలుస్తరు. ఐదు నిమిషాలు కూసోవెట్టాలె. ఈపుకు ఆసరా ఉండాలె, పాదాలు నేలకు ఆనాలె, చెయ్యి గుండె ఎత్తుల దేని మీదన్న పెట్టాలె. అర్ధగంట ముందు చాయ్, బీడీ ఉండద్దు. మాట్లాడద్దు. బొద్దు చెయ్యికి చిన్న పట్టా కడితే లేని బీపీ ఉన్నట్టు చూపిస్తది. గట్ల తప్పు బీపీ చూసి గోలీలు షురువు చేసి, కండ్లు తిరిగి పడ్డోళ్లు మీ ఊర్ల లేరా?

ఇవన్నీ చిన్న ముచ్చట్లనిపిస్తయి. 2021ల కరోనా రెండోసారి వచ్చినప్పుడు యాది చేసుకోండ్రి. ఆశా అక్కలు ఇంటింటికి జరం సర్వేకు తిరిగిండ్రు. వేలుకు పెట్టే ఆక్సిజన్ మిషను మొదటిసారి గుడిసెలల్లకు వచ్చింది. 94 కన్నా దిగితే తొవ్వ పట్టాలె అని చదువురాని ముసలోళ్లకు సుత తెలిసింది. ఒక్క అంకె తెలిసినందుకే ఎందరు బతికిండ్రో! మందు కాదు అప్పుడు బతికిచ్చింది, టైంకు చూసుడు.

ఇగ మందు ముచ్చటకొస్త. మందిచ్చేటప్పుడు ఐదు సరిగుండాలె అని నర్సులకు నేర్పుతరు. మనిషి సరైనోడా, మందు సరైనదా, మోతాదు సరిపోయిందా, ఇచ్చే తొవ్వ సరైనదా, అంటే నోట్లనా నరంలనా కండలనా, టైం సరైనదా. ఇయ్యాల దీనికి ఇంకొన్ని కలిపిండ్రు: రాసిండ్రా, ఎందుకిస్తున్నమో ఎరుకేనా, ఇచ్చినంక ఎట్లున్నడో చూసిండ్రా అని. ఇంగ్లీషుల వీటిని రైట్స్ అంటరు. ఆ మాటకు సరైనది అనే అర్థం ఉంది, హక్కు అనే అర్థం సుత ఉంది. నాకైతే రెండోదే మంచిగనిపిచ్చింది.

మంచం నంబరు మనిషి గుర్తు గాదు అని ఆ పుస్తకంల ఉన్నది. మంచాలు మారుతయి. పేరొక్కటే సుత సాలది, ఇంకో గుర్తు కావాలె. "నువ్వు లచ్చమ్మవేనా?" అని అడుగద్దట. చెవులు ఇనరానామె, జరంల ఉన్నామె దేనికైనా ఊ అంటది. "నీ పేరేంది?" అనే అడుగాలె, ఆమె నోటితోనే చెప్పాలె. నేను కసిరిచ్చుకున్న ప్రశ్న ఇదే. ఎనిమిదింటికి ఆ ప్రశ్న ఇద్దరు లచ్చమ్మలను ఏరుపరిచింది, రెండింటికి అదే ప్రశ్న మా అవ్వ సోయి తప్పుతుందని పట్టిచ్చింది. చూసుడు వేరు, మందిచ్చుడు వేరు అనుకుంటం గద. రెండూ ఒకటే పని.

దీనికి నాకు దొరికిన అన్నిటికన్నా గట్టి ఉదాహరణ కాన్పు వార్డులది. గర్భిణికి బీపీ పెరిగి ఫిట్స్ వస్తయి, మన పెద్దలు గుర్రపువాతం అంటరు. దానికి మందు మెగ్నీషియం సల్ఫేట్. అగ్గువ మందు. మాగ్‌పై అని పేరు పెట్టి 33 దేశాలల్ల 10 వేల మందికి పైగ ఆడోళ్ల మీద చేసిన పరిశోధన 2002ల అచ్చయింది. ఈ మందుతోని ఫిట్స్ ముప్పు సగానికి పైగ తగ్గుతదని తేలింది. అంత మంచి మందే, లెక్క తప్పితే ఊపిరి ఆపుతది. గందుకే ఒక డోసు తర్వాత ఇంకో డోసు ఇచ్చే ముందట ప్రతిసారి మూడు చూడాలె. మోకాలి చిప్ప కింద రబ్బరు సుత్తెతోని కొడితే కాలు ఎగురుతుందా? ఊపిరి నిమిషానికి 16కు తక్కువ లేకుంట ఉన్నదా? మూత్రం గంటకు 30 ఎంఎల్ అన్న వస్తుందా? ఈ మందు బయటికి పోయేది మూత్రంలనే, మూత్రం ఆగిందంటే మందు ఒంట్లనే కుప్పవడుతున్నట్టు. కాలు ఎగురకపోతే సూది ఆపాలె. విరుగుడు కాల్షియం గ్లూకోనేట్ పక్కనే పెట్టుకోవాలె. ఒక రబ్బరు సుత్తె, ఒక గడియారం, ఒక కొలత డబ్బా. బాలింత చచ్చుడు, బతుకుడు గీటి మీద ఆధారపడి ఉన్నది. ఇగ ఆ ఊపిరి గడిల చూడకుంటనే 18 రాస్తే ఏమైతదో మీరే ఆలోచన చేయుండ్రి.

2025 సెప్టెంబరు, అక్టోబరుల మధ్యప్రదేశ్‌ల చింద్వారా దిక్కు దగ్గు సిరప్ తాగి ఇరవై మందికి పైగ పిలగాండ్లు చచ్చిపోయిండ్రు. సిరప్‌ల డైఈథైలీన్ గ్లైకాల్ అనే విషం కలిసింది. టీవీలల్ల మస్తు చర్చ నడిచింది, కంపెనీ మీద, అధికార్ల మీద. నడవాల్సిందే. ఆ విషాన్ని ఏ నర్సూ ఆపలేదు. కని ఆ పిలగాండ్లకు విషం దెబ్బ తీసింది కిడ్నీలను, బయటికి కనవడ్డ గుర్తు మూత్రం బందైపోవుడు. జరమొచ్చిన పిలగాడు పొద్దటికెల్లి ఎన్నిసార్లు మూత్రం పోసిండు అని అడిగేటోళ్లు మన ఊర్లల్ల ఎందరున్నరు? సిరప్ ఇచ్చినంక పిలగాన్ని మల్లొకసారి చూసేటోళ్లు ఎవలు? మందు ఇచ్చుడు తోటి పని ఒడిసిందనుకునే అలవాటు మనది.

విషం కలువని మంచి మందుతోని సుత గండాలున్నయి. పారాసిటమాల్ చుక్కల మందుల ఒక ఎంఎల్‌కు 100 మిల్లీగ్రాములు ఉంటది. సిరప్‌ల 5 ఎంఎల్‌కు 125 ఉంటది, అంటే ఎంఎల్‌కు 25. నాలుగు రెట్ల తేడా. పదికిలోల పిల్లకు సిరప్ అయితే 4 ఎంఎల్ సరిపోతది. అదే 4 ఎంఎల్ చుక్కల సీసాలకెల్లి పోస్తే 400 మిల్లీగ్రాములు పోతది. ఇట్ల రోజుకు మూడు నాలుగు సార్లు పోస్తే కాలేజం దెబ్బతింటది. పిల్ల బరువు తూకం వెయ్యకుంట మందు రాసుడు, ఇంట్ల చారు గరిటెతోని పోసుడు, రెండూ ఆపాలె.

ఇగ మన ఆరెంపీ అన్నల ముచ్చట. తిట్టుడు అలక. నడిరాత్రి తేలు కుడితే, మోటరు సైకిల్ మీద వచ్చేది ఆయననే, బాకీ రాసుకునేది ఆయననే. సర్కారు డాక్టరు ఆ యాల్లకు దొరకడు. కని నేను చూస్తనే ఉన్న: పోయినోనికి పోయినట్టు పిర్ర మీద ఒక నొప్పుల సూది, ఒక స్టెరాయిడ్, ఒక గ్లూకోజు సీసా. నాడి పట్టేది లేదు, బీపీ లేదు, నీకు ఇంతకుముందు ఏ మందన్న పడలేదా అని అడిగేది లేదు. సూది పడితేనే పైసలు వసూలైనట్టు మనకు సుత అనిపిస్తది, గోలీలు రాస్తే ఈ డాక్టరుకు ఏం రాదంటం. 2018ల ఉత్తరప్రదేశ్ ఉన్నావ్ జిల్లా బంగర్‌మవుల డాక్టరు చదువు లేని ఒకాయన ఒకే సూదిని మందికి పొడిచి హెచ్‌ఐవీ అంటిచ్చిండని కేసైంది, పదులమంది పరీక్షల బయటపడ్డరు. పది రూపాలకు వైద్యం అని ఊరోళ్లే ఉరికి పోయేటోళ్లు. అక్కడ తప్పు ఒక్కనిదేనా? అక్కడ సర్కారు నర్సు లేకపోవుడు తప్పు గాదా?

సరే, ఇప్పుడు ఆ 18 ముచ్చట.

మా అవ్వ ఉన్న దవాఖానకు మెడికల్ కాలేజీ బోర్డు తగిలిచ్చిండ్రు. గేటు మంచిగైంది, రంగులేసిండ్రు. ఆ రాత్రి ఆ వార్డుల నేను లెక్కవెట్టిన. మంచాల మీద 38 మంది, కింద చాపల మీద ఐదుగురు. మొత్తం 43. నర్సు ఒక్కతే. రాత్రి ఎనిమిదికెల్లి పొద్దుగాల ఎనిమిది దాంక, 12 గంటలు.

పుస్తకం చెప్పినట్టు చేద్దాం. ఒక మనిషికి నాడి, ఊపిరి, బీపీ, జరం చూసి రాయడానికి 5 నిమిషాలు, అది సుత ఉరుకుకుంట. రాత్రికి రెండుసార్లు చూడాలె. 43 మందికి 430 నిమిషాలు. మందులకు పేరు అడిగి, సీసా మూడుసార్లు చూసి, ఇచ్చి, రాసేటందుకు 3 నిమిషాలు. అది సుత రెండు పూటలు. 258 నిమిషాలు. రెండూ కలిపితే 11 గంటల 28 నిమిషాలు. మిగిలేది 32 నిమిషాలు. ఆ 32 నిమిషాలల్లనే కొత్తగ చేరెటోళ్లు, గ్లూకోజు సీసాలు మార్చుడు, మూత్రం పైపులు, రిజిస్టర్లు, డాక్టరుకు ఫోన్లు, చచ్చిపోయినోళ్ల కాయిదాలు, నా అసోంటోని తిట్లు. ఆ పిల్ల నీళ్లు తాగుడు, బయటికి పోవుడు ఈ లెక్కల లేవు. ఇగ ఊపిరి గడిల 18 ఎందుకు పడదు?

భారత నర్సింగ్ కౌన్సిల్ లెక్క ప్రకారం బోధనాసుపత్రి జనరల్ వార్డుల మూడు మంచాలకు ఒక నర్సు, అంటే షిఫ్టుకు తొమ్మిది మందికి ఒకలు. సెలవులకు 30 శాతం అదనంగ పెట్టుకోవాలె. తొమ్మిది మందికైతే పైన చెప్పిన పని రెండున్నర గంటలల్ల ఒడుస్తది. మిగిలిన టైం పుండు చూడొచ్చు, భయపడ్డామె పక్కన కూసోవచ్చు, సూది రంగు అడగొచ్చు. కాయిదం మీద తొమ్మిది. వార్డుల 43.

ఇది సౌలతు గురించిన లొల్లి గాదు, పానాల లెక్క. అమెరికాల లిండా ఐకెన్ అనే నర్సు పరిశోధకురాలు పెన్సిల్వేనియా రాష్ట్రంల 168 దవాఖానలను చూసి 2002ల లెక్క తీసింది. ఆపరేషన్ అయినోళ్లల్ల, ఒక నర్సు మీద ఒక్క రోగి ఎక్కువైతే నెలరోజులల్ల చచ్చిపోయే ముప్పు 7 శాతం పెరుగుతుందట. 2014ల యూరప్‌ల తొమ్మిది దేశాలల్ల చూసినా అదే 7 శాతం. కాలిఫోర్నియాల నర్సులు కొట్లాడి 1999ల చట్టం తెచ్చుకున్నరు, 2004 నుంచి అమలైంది. సాధారణ వార్డుల ఆ షిఫ్టుల ఐదుగురికి ఒక నర్సు ఉండాలె, లేకుంటే దవాఖాన చట్టం తప్పినట్టే. మన కాడ కౌన్సిల్ చెప్పిన లెక్కను దాటినందుకు ఏ దవాఖాన జవాబు చెప్పుకున్నదో జర ఎవలన్న చూపియ్యండ్రి.

ప్రైవేటుల పరిస్థితి ఇంకో తీరు. 2016 జనవరిల సుప్రీంకోర్టు చెప్తే కేంద్రం కమిటీ ఏసింది. 200 మంచాలు దాటిన ప్రైవేటు దవాఖాన నర్సుకు సర్కారు నర్సుతోని సమానంగ జీతం ఇయ్యాలె, 50 మంచాల లోపు చిన్న దవాఖానైనా నెలకు 20 వేలకు తక్కువ ఇయ్యద్దు అని ఆ కమిటీ సిఫారసు చేసింది. మీ మండలం సెంటర్ల నర్సింగ్ హోములల్ల పనిచేసే మీ చెల్లెండ్లను అడుగుండ్రి, ఎంతొస్తుందో. శాన చోట్ల అక్కడ సూది పొడిచే పిల్ల నర్సింగ్ చదివిందా లేదా అన్నదే అనుమానం. చూసి నేర్చుకున్నది. నా లెక్కనే.

సర్కారు ఏం చెయ్యలేదని నేనన. మన రాష్ట్రంల 2023 ఆగస్టుల స్టాఫ్ నర్సుల పరీక్ష పెట్టిండ్రు, 2024 జనవరి చివర్ల ఎల్బీ స్టేడియంల దాదాపు 7 వేల మందికి కాయిదాలు ఇచ్చిండ్రు. ఏండ్ల సంది కాంట్రాక్టుల మగ్గినోళ్లు సుత దాంట్ల ఉన్నరు, సంబురమే. కని జిల్లాకో మెడికల్ కాలేజీ అని మంచాలు పెంచుకుంట పోతే, పాత ఖాళీలు నింపిన లెక్క కొత్త మంచాలకు సాలుతదా? మంచాల సంఖ్య పేపర్ల మొదటి పేజీల వస్తది, రాత్రి డ్యూటీల ఎందరున్నరన్నది ఏ పేజీలనూ రాదు. ఎమ్మెల్యే దవాఖానకు వస్తే స్కానింగ్ గది చూస్తడు, ఫోటో దిగుతడు. మీ ఊర్లకు వచ్చినప్పుడు ఒక్క ప్రశ్న అడుగుండ్రి: "సారూ, నిన్న రాత్రి మన దవాఖాన ఆడోళ్ల వార్డుల ఎందరు రోగులు, ఎందరు నర్సులు?" సమాచార హక్కు కింద నెల రోజుల డ్యూటీ చార్టు అడుగొచ్చు. మన సంఘం తరఫున మేము ఆ దరఖాస్తు పెట్టినం.

మా అక్క బిడ్డ జర్మన్ నేర్చుకుంటుంది. ఆమె క్లాసుల సగం మంది గల్ఫు, జర్మనీ అంటున్నరట. వెయ్యిమంది జనాభాకు ఇద్దరు నర్సులు అటో ఇటో ఉన్నరని సర్కారే పార్లమెంటుల చెప్పింది, అది రిజిస్టర్ అయినోళ్ల లెక్క. దాంట్ల ఎందరు దుబాయిల ఉన్నరు, ఎందరు పెండ్లయి ఇంట్ల ఉన్నరు? పిల్లను పోవద్దని నేనెట్లంట? అక్కడన్న పుస్తకంల చదివింది చదివినట్టు చేసుకోవచ్చు.

గంత దాంక మనం చేసేది సుత కొంత ఉంది. మీ చేతిల ఫోనుంది గద, ఇంట్ల ముసలోళ్లు ఏసుకునే గోలీల పట్టీలన్నీ ఫోటో తీసి పెట్టుకోండ్రి, దవాఖానల అడిగినప్పుడు ఎర్రగోలీ, తెల్లగోలీ అని చెప్పుడు బంద్ చేద్దాం. ఇన్సులిన్ సీసా మీద 40 అని ఉందా 100 అని ఉందా, ఇయ్యాల్నే పోయి చూడుండ్రి, సూది మూతి రంగు సుత చూడుండ్రి. ఏ మందన్న పడకపోతే పేరు కాయిదం మీద రాసి పెట్టుండ్రి. సూది పట్టుకొచ్చినోళ్లను "ఇది ఏం మందు సిస్టర్, దేనికి?" అని అడుగుండ్రి. అడిగే తీరుగ అడుగుండ్రి. మనోడు చచ్చిపోతే దవాఖాన అద్దాలు పగులగొట్టి ఒక్క పిల్ల మీదికి పదిమంది పోయే అలవాటు మనకుంది, ఆ పదిమందిల నేను సుత ఒకప్పుడు ఉన్న. నలభై మందికి ఒక్కదాన్ని పెట్టినోడు ఆ అద్దాల ఎనుక లేడు.

పోయిన నెల పుండు చూపిచ్చుకోవడానికి మల్ల పోయినం, రెండు రోజులు ఉంచుకున్నరు. వార్డుల 41 మంది. రాత్రికి సిస్టర్ ఒక్కతే, మా పాత సిస్టర్ గాదు, ఇంకో పిల్ల. ఆమె ఎక్కడికి పోయిందంటే ఎవరికీ ఎరుకలేదు. ఎనిమిదింటికి ఈ పిల్ల ఎర్ర మూతి సూది పట్టుకొని వచ్చి "అమ్మా, పేరు?" అన్నది. మా అవ్వ పేరు చెప్పింది, ఇంటిపేరు చెప్పింది, ఊరు చెప్పింది. తర్వాత పిల్ల అడుగకముందే, నా దిక్కు చూడకుంటనే, మా నాయిన పేరు వార్డంత ఇనవడేటట్టు చెప్పింది.